స్క్రీన్ ఊడిన వాచీ, చేతులెత్తేసిన సర్వీస్ సెంటర్

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి స్మార్ట్ వాచీల మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం. రిపేరు సంగతులకు ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, చట్టం సంగతులకు వినియోగదారుల కేసులు చూసే అడ్వకేట్ జవాబులిచ్చారు.

ప్రశ్న: ఏడు నెలల కిందట ఆన్‌లైన్‌లో రూ. 3,499 పెట్టి స్మార్ట్ వాచీ కొన్నాను. మొన్న స్నానానికి వెళ్తూ తీసి పెడుతుంటే స్క్రీన్ మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. సన్నటి కేబుల్‌కి వేలాడుతోంది. గాజు పగల్లేదు, టచ్ కూడా పనిచేస్తోంది. సర్వీస్ సెంటర్లో రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు, రూ. 2,100 అవుతుంది’ అన్నారు. నేనెప్పుడూ కింద పడేయలేదు. ఇప్పుడేం చేయాలి? – ఒక పాఠకురాలు, కాకినాడ

టెక్నీషియన్: ముందుగా, ఆ స్క్రీన్‌ను మళ్లీ అదిమి పెట్టకండి, జిగురు వేయకండి. మీ తరఫు సాక్ష్యమంతా ఆ అంచుల్లోనే ఉంది.

ఈ రకం వాచీల్లో చాలావాటికి స్క్రీన్ దగ్గర స్క్రూలుండవు. గాజు, దాని వెనక డిస్‌ప్లే ప్యానెల్ కలిసి ఒకే ముక్క. దాన్ని బాడీకి పట్టి ఉంచేది చుట్టూ అంచున ఉండే సన్నటి డబుల్ సైడ్ టేపు, లేదంటే మెషీన్‌తో గీసిన జిగురు గీత. దాని వెడల్పు మహా అయితే మిల్లీమీటరు చిల్లర. ఫ్యాక్టరీలో ఆ అంచును శుభ్రంగా తుడవకపోయినా, అంటించాక కావలసినంత సేపు ఒత్తిడిలో ఉంచకపోయినా కొత్తలో ఏమీ తెలియదు. తర్వాత రోజూ పట్టే చెమట, ఎండ వేడి, చేతికి రాసుకునే నూనె, సన్‌స్క్రీన్ ఆ బలహీనమైన చోటు నుంచే లోపలికి దారి చేసుకుంటాయి.

పగటి వెలుతురులో భూతద్దం పెట్టి, లేదా ఫోన్ కెమెరాను మాక్రోలో (బాగా దగ్గరి నుంచి తీసే మోడ్) పెట్టి రెండు అంచులూ చూడండి. టేపు అంతా బాడీకే అంటుకుని ఉండి, గాజు వైపు అంచు నున్నగా, మెరుస్తూ ఉంటే ఆ వైపు అతుకు సరిగ్గా పట్టలేదని అర్థం. అటుదిటైనా అంతే. అలాకాకుండా టేపు నిలువునా చీలి, రెండు వైపులా పీచుపీచుగా, సాగిన దారాల్లా ఉంటే బలంగా లాగడం వల్ల గానీ, లోపలి నుంచి ఏదో నెట్టడం వల్ల గానీ ఊడింది. ఆ నెట్టేది దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. మీ వాచీలో బ్యాటరీ బల్లపరుపుగా ఉందో, దిండులా ఉబ్బిందో పక్క నుంచి చూడండి. వేలితో నొక్కి చూడొద్దు.

ఇక కింద పడిన వాచీ వేరేగా చెబుతుంది. గాజు మూలలో చిన్న పెచ్చు లేస్తుంది, లేదా ఫ్రేమ్ మూల సొట్టపోతుంది, అదీ కాకపోతే డిస్‌ప్లేలో నల్ల మరక, నిలువు గీత వస్తాయి. గాజు, ఫ్రేమ్, ప్యానెల్ మూడూ చెక్కుచెదరకుండా ఉండి చుట్టూ జిగురు మాత్రమే వదిలేసిందంటే అది దెబ్బ అని నమ్మించడం సర్వీస్ సెంటర్‌కే కష్టం. ఇది నూటికి నూరు పాళ్ల రుజువు కాదు. పక్క నుంచి గట్టిగా ఒత్తిడి పడితే గాజు పగలకుండానే స్క్రీన్ లేచే సందర్భాలూ ఉంటాయి. కానీ రెండు నిమిషాల చూపుతో తేల్చేసిన ‘ఫిజికల్ డ్యామేజ్’ కంటే ఇది ఎన్నో రెట్లు గట్టి ఆధారం.

ఫొటోలు ఇలా తీయండి: ముందు భాగం, వెనక భాగం, నాలుగు మూలలు విడివిడిగా, గాజు వైపు అంచు, బాడీ వైపు అంచు, పక్క నుంచి బ్యాటరీ, వెనక మూత మీది సీరియల్ నంబరు. చివరగా స్క్రీన్ వెలిగి టచ్ పనిచేస్తున్నట్టు ఒక చిన్న వీడియో. కేబుల్ మీద బరువు పడకుండా స్క్రీన్‌ను ఒక చేత్తో పట్టుకునే ఉండండి. ఆ ఫ్లెక్స్ కేబుల్ కాగితమంత పల్చన. అది ఒకసారి తెగిందంటే ‘లోపల కూడా దెబ్బ తగిలింది’ అని ఇంకో కారణం వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. ఫొటోలయ్యాక స్క్రీన్‌ను దాని చోట ఊరికే ఆనించి, చుట్టూ కాగితం టేపు వదులుగా వేసి డబ్బాలో పెట్టండి.

అడ్వకేట్: సర్వీస్ సెంటర్‌కు మళ్లీ వెళ్లినప్పుడు నోటి మాటలతో సరిపెట్టుకుని రావద్దు. జాబ్ షీట్ (వాచీని ఏ స్థితిలో, ఏ ఫిర్యాదుతో తీసుకున్నారో రాసే కాగితం) రాయించండి. చాలాచోట్ల కౌంటర్లో కూర్చున్నవాళ్లు ‘డిస్‌ప్లే డ్యామేజ్’ అని రెండు ముక్కలు టైప్ చేసి సంతకం పెట్టమంటారు. ఆ రెండు ముక్కలే తర్వాత మీ మెడకు చుట్టుకుంటాయి. ‘డిస్‌ప్లే బాడీ నుంచి విడిపోయింది, గాజు పగల్లేదు, ఫ్రేమ్ మీద సొట్టలు లేవు, టచ్ పనిచేస్తోంది’ అని రాయమనండి. రాయనంటే షీట్ మీద సంతకం పక్కనే మీరే పెన్నుతో రాసి ఫొటో తీసుకోండి. వాచీ ఇచ్చే ముందు వాళ్ల కౌంటర్ మీదే ఇంకో ఫొటో తీయండి. అక్కడ తెరిచేటప్పుడు పడే గీతలు మీ ఖాతాలో పడకుండా ఉంటాయి.

వారంటీ రాదంటే కారణం కాగితం మీద గానీ, ఈమెయిల్‌లో గానీ అడగండి. ‘ఏ భాగం మీద ఏ గుర్తు చూసి ఫిజికల్ డ్యామేజ్ అన్నారు, ఆ ఫొటో పంపండి’ అని ఒక్క వాక్యం చాలు. దీనికి జవాబు రాయాలంటే ఎవరో ఒకరు వాచీని నిజంగా చూడాలి. సగం కేసులు ఇక్కడే మెత్తబడతాయన్నది మా అనుభవం. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా అదే ఈమెయిల్ పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ రూ. 2,100 మాత్రం ఇప్పుడే కట్టకండి. వాడుకకు వాచీ తప్పనిసరై కట్టాల్సి వస్తే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఈమెయిల్ పెట్టాకే కట్టి, తీసేసిన పాత భాగాలను వెనక్కి అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి వాచీ కొని 14 నెలలైంది. పది రోజులుగా స్క్రీన్ ఒక పక్క లేస్తోంది. నొక్కితే కూర్చుంటుంది, చార్జింగ్ పెడితే మళ్లీ లేస్తుంది. వారంటీ రెండు నెలల కిందటే అయిపోయింది. కంపెనీ వాళ్లు కొరియర్‌లో పంపమంటున్నారు. – ఒక పాఠకుడు, రామగుండం

టెక్నీషియన్: నొక్కడం ఈ క్షణం నుంచే మానేయండి. చార్జింగ్ పెడితే లేస్తోందంటే అది జిగురు సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఈ వాచీల్లో ఉండేది లిథియం పాలిమర్ పౌచ్, అంటే గట్టి డబ్బా లేకుండా పల్చటి అల్యూమినియం పొరలో చుట్టిన బ్యాటరీ. లోపలి ద్రవం విరిగి వాయువు పుడితే పొర ఉబ్బుతుంది. వాచీలో ఖాళీ ఉండేదే మిల్లీమీటరు కంటే తక్కువ కాబట్టి కొంచెం ఉబ్బినా స్క్రీనే లేవాలి. పైనుంచి నొక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలా షార్టయితే పొగ, మంట.

వాచీని చేతికి పెట్టనివ్వకండి. స్విచ్ ఆఫ్ చేసి, చార్జర్‌కు దూరంగా, మట్టి కుండలో లేదా స్టీలు డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో పెట్టండి. మూత బిగించొద్దు. డబ్బాను కర్టెన్లకు, పరుపులకు దూరంగా గచ్చు మీద ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే తగ్గుతుందని, సూదితో గాలి తీస్తే సరిపోతుందని చెప్పే వీడియోలు ఉన్నాయి. సూది మాటైతే అచ్చంగా నిప్పుతో చెలగాటమే.

కొరియర్ విషయానికి వస్తే, ఉబ్బిన లిథియం బ్యాటరీని విమానంలో పంపడం అంతర్జాతీయ విమాన రవాణా నిబంధనల ప్రకారం నిషిద్ధం. చేతి సంచిలో పెట్టుకుని విమానం ఎక్కడానికీ వీల్లేదు. కాబట్టి ‘బ్యాటరీ ఉబ్బింది, సాధారణ కొరియర్‌లో పంపలేను, మీ మనిషిని పంపండి లేదా దగ్గరలోని సెంటర్ చెప్పండి’ అని కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. ‘బ్యాటరీ ఉబ్బింది’ అనే మాట తేదీతో సహా రికార్డులోకి ఎక్కుతుంది. వారంటీ విషయం తేలే దాకా వాచీని ఎవరికీ ఇచ్చేయకండి. తేలాక కూడా చెత్తబుట్టలో వేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారుదే.

కారణం ఏమై ఉంటుందని అడిగితే, వేడి మొదటిది. చాలా కంపెనీలు వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటాయి. వేసవిలో మీ ఊళ్లో నీడలోనే ఆ గీత దాటిపోతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు సంగతి చెప్పనక్కర్లేదు. ఎప్పుడూ నూరు శాతం చార్జ్‌లో, చార్జర్ మీదే వదిలేయడం రెండోది. మూడోది తయారీలోనే బ్యాటరీ లోపల మిగిలిన తేమ, మురికి. బయటి నుంచి చూసి ఈ మూడింటిలో ఏది అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

అడ్వకేట్: వారంటీ గడువు దాటింది కాబట్టి దారులన్నీ మూసుకుపోయాయని అనుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. తయారీ లోపం అని చూపగలిగితే వారంటీ కార్డు మీది తేదీ ఒక్కటే అడ్డుగోడ కాదు. అయితే రుజువు చేసే బరువు మీ మీద పడుతుంది. వారంటీలో ఉన్న వాచీకి అడిగినంత తేలిగ్గా ఇక్కడ అడగలేరు, నిపుణుడి నివేదిక దాదాపు తప్పదు.

అందుకే ముందు ఉత్తరం మెత్తగా, భద్రత కోణంలో రాయండి. ‘వాడే మనిషికి గాయమయ్యే లోపం’ అంటే కంపెనీలు జాగ్రత్తపడతాయి. దీనికి పేరున్న ఉదాహరణ ఆపిల్‌ది. తొలి తరం వాచీ, సిరీస్ 1, 2, 3లలో బ్యాటరీ ఉబ్బే సమస్య మీద అమెరికాలో పడిన దావాను ఆ కంపెనీ 2 కోట్ల డాలర్ల పరిష్కార నిధితో ముగించుకుంది. తప్పు తమదని ఒప్పుకోలేదు. ఆ డబ్బు అమెరికా కొనుగోలుదారులకే. మీకు పనికొచ్చే విషయం ఒక్కటే: స్క్రీన్ లేవడానికి బ్యాటరీ కారణం కావచ్చన్న మాట కొత్తదీ కాదు, మీరు కల్పించిందీ కాదు. గడువు కొద్దిగా దాటిన వాటికి కొన్ని కంపెనీలు ‘గుడ్‌విల్’ కింద ఉచితంగా లేదా సగం ధరకు మార్చి ఇస్తుంటాయి. అడిగిన వాళ్లకే ఇస్తాయి.

ప్రశ్న: డబ్బా మీద ‘ఐపీ68, 5 ఏటీఎం’ అని ఉంది. చేతులు కడుక్కోవడం, వాన తప్ప నీళ్లలో ముంచలేదు. స్క్రీన్ అంచు లేచింది, లోపల ఆవిరి కనబడుతోంది. సర్వీస్ సెంటర్ ‘లిక్విడ్ డ్యామేజ్, వారంటీలో లేదు’ అంటోంది. మరి ఆ రాతలెందుకు? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

టెక్నీషియన్: ఐపీ68లో 6 అంటే దుమ్ము చొరదు, 8 అంటే మీటరు కంటే లోతైన నీళ్లలో కంపెనీ చెప్పిన లోతుకు, చెప్పినంత సేపటికి తట్టుకుంటుంది. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల నీటి ఒత్తిడిని కదలకుండా ఉన్నప్పుడు తట్టుకుంటుందని. రెండూ మంచినీటిలో, కొత్త వాచీ మీద చేసే పరీక్షలు. వేడినీళ్లు, సబ్బు నురగ, ఉప్పునీరు అందులో లేవు. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి మామూలు నీరు దూరని సందులోకి సబ్బు నీరు దూరుతుంది. వేడినీళ్ల స్నానం తర్వాత ఏసీ గదిలోకి వెళ్తే లోపలి గాలి ముడుచుకుని బయటి తేమను లోనికి లాగుతుంది. దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం చాలా ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. మీది సముద్రం ఒడ్డు ఊరు. బీచ్‌కి వెళ్లొచ్చాక వాచీని మంచినీటితో కడిగి తుడవకపోతే ఉప్పు అంచుల్లో గడ్డకడుతుంది.

ఇవన్నీ ఒప్పుకున్నా, మీ వాదన అసలు ఇది: నీరు వెళ్లినందువల్ల స్క్రీన్ లేచిందా, స్క్రీన్ లేచినందువల్ల నీరు వెళ్లిందా? రెండోదైతే నీళ్లు కారణం కాదు, ఫలితం. సర్వీస్ సెంటర్‌లు ఈ తేడా చూడవు. లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రగా ఉందంటే నీరు చేరిందనే చెబుతుంది, ఎలా చేరిందో చెప్పదు. స్క్రీన్ అంచు ముందే లేచినట్టు పాత ఫొటో ఏదైనా ఉందేమో వెతకండి. పెళ్లి ఫొటోలో చేతి మీద వాచీ కనబడినా పనికొస్తుంది. పక్క నుంచి సన్నటి నల్లగీతలా సందు కనిపిస్తే చాలు.

అడ్వకేట్: డబ్బా మీద, వెబ్‌సైట్‌లో, ప్రకటనలో నీటి గురించి రాసిన ప్రతి మాటను ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి. ప్రకటనలో ఈతకొలను బొమ్మ ఉంటే అదీ తీయండి. తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు. ఈతకు పనికొస్తుందని అమ్మి, వాన తడికి పాడైతే వారంటీ లేదనడం వినియోగదారుల రక్షణ చట్టంలోని అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని వాదించడానికి ఈ కాగితాలే ఆధారం.

ప్రశ్న: వారంటీ ఎప్పుడో అయిపోయింది. స్క్రీన్ ఊడింది కానీ పనిచేస్తోంది. ఫెవిక్విక్‌తో నేనే అంటించుకోవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

టెక్నీషియన్: అంటించుకోవచ్చు, ఫెవిక్విక్‌తో మాత్రం వద్దు. ఆ రకం జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి గాజు లోపలి వైపు తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది, తర్వాత పోదు. పైగా గాజులా గట్టిపడుతుంది, చిన్న కుదుపుకే పుటుక్కున విడిపోతుంది. మళ్లీ తెరవాల్సి వస్తే స్క్రీన్ పగలాల్సిందే. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే బాత్రూమ్ సిలికాన్ కూడా వద్దు. ఆ ఆమ్లం రాగి కాంటాక్టులను తింటుంది.

మొబైల్ రిపేరు షాపుల్లో బీ-7000 అని పారదర్శకమైన జిగురు, టీ-7000 అని నల్లటిది దొరుకుతాయి. 15 మిల్లీలీటర్ల ట్యూబు చాలు. మీ మోడల్‌కు కత్తిరించిన టేపు దొరికితే అది ఇంకా మంచిది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ప్లాస్టిక్ పిక్ (గీకడానికి వాడే పల్చటి ముక్క) ఒకటి, చెవిపుల్లలు, రెండు రబ్బరు బ్యాండ్లు దగ్గర పెట్టుకోండి. అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్‌ను, గాజు పూతను కరిగిస్తాయి.

చార్జ్ పావు వంతుకు దింపి స్విచ్ ఆఫ్ చేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇక్కడితో ఆపేయండి, పైన రామగుండం పాఠకుడికి చెప్పిందే మీకూ. బాగుంటే పాత టేపును ప్లాస్టిక్ పిక్‌తో ఓపిగ్గా గీకండి. గట్టిగా ఉంటే హెయిర్ డ్రయర్‌తో చేతికి వెచ్చగా తగిలేంత మాత్రమే వేడి చేయండి, అదీ గాజు వైపు నుంచే. బ్యాటరీని 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. బ్లేడు, గుండుసూది వాడితే ఫ్లెక్స్ కేబుల్ తెగుతుంది. తర్వాత రెండు అంచులనూ ఆల్కహాల్‌తో తుడిచి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. అక్కడ వేలిముద్ర ఒక్కటి పడినా మళ్లీ తుడవాల్సిందే. ఇంట్లో చేసిన అతుకులు నిలవకపోవడానికి ముఖ్య కారణం ఈ తుడవడంలో తొందరే.

జిగురును బాడీ అంచు మీదే, మిల్లీమీటరు కంటే సన్నగా, ఒకే గీతగా చుట్టూ వేయండి. మైక్ రంధ్రం, స్పీకర్, గాలి ఒత్తిడి కొలిచే చిన్న రంధ్రం దగ్గర జిగురు పోకూడదు. పోతే కాల్స్‌లో మీ మాట వినబడదు, ఎత్తు లెక్కలు తప్పుతాయి. రెండు మూడు నిమిషాలు ఆగి, వేలికి జిగటగా సాగుతున్నప్పుడు కేబుల్ నలగకుండా మడిచి స్క్రీన్ కూర్చోబెట్టండి. ఈలోపు ఒకసారి ఆన్ చేసి టచ్ పనిచేస్తోందని చూసుకోవాలి, జిగురు ఆరాక చూస్తే ఏం లాభం? పైన మెత్తటి గుడ్డ వేసి రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా వేయండి. బట్టల క్లిప్పు వద్దు, ఒకేచోట ఒత్తి ప్యానెల్‌లో మరక తెస్తుంది. పొంగిన జిగురును వెంటనే తీయాలని ఆత్రపడొద్దు. ఆరాక వేలితో రుద్దితే రబ్బరులా ఊడి వస్తుంది. 24 గంటలు కదపకండి, 48 గంటల దాకా చెమట తగలనివ్వకండి. ఆ తర్వాత కూడా ఆ వాచీ నీటికి తట్టుకునే వాచీ కాదు. చేతులు కడిగేటప్పుడు తీసేయాల్సిందే.

ప్రశ్న: తొమ్మిది నెలల్లో మూడుసార్లు స్క్రీన్ ఊడింది. రెండుసార్లు అంటించి ఇచ్చారు, మూడోసారి వేరే వాచీ ఇచ్చారు, అది పాతదాన్ని బాగుచేసినట్టుంది. అదీ లేస్తోంది. నాకు డబ్బు వెనక్కి కావాలి. వకీలును పెట్టుకునేంత ఖరీదు వాచీ కాదు, రూ. 5,200. – ఒక పాఠకురాలు, విజయవాడ

అడ్వకేట్: వకీలు అక్కర్లేదు. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది. పెద్ద బ్రాండ్లలో చాలావాటికి ఈ ఫిర్యాదులు చూడటానికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు, కౌంటర్ దగ్గర కుదరని పని ఇక్కడ కుదురుతుంది. చెప్పేటప్పుడు మూడు జాబ్ షీట్ల నంబర్లు, తేదీలు, ప్రతిసారీ ఏం చేశారన్నది వరుసగా చెప్పండి. ఆవేశంగా చెప్పే పది వాక్యాల కంటే ఆ మూడు తేదీలకు విలువెక్కువ.

అక్కడ కుదరకపోతే నోటీసు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు, అమ్మిన షాపుకు, సర్వీస్ సెంటర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. వినియోగదారుల రక్షణ చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు, కానీ వినియోగదారుల కమిషన్ ముందు మీరు అవకాశం ఇచ్చారని చూపడానికి ఇదే కాగితం. 15 రోజుల గడువు ఇస్తే చాలు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే వేయొచ్చు, అదే చట్టంలోని 34వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. కట్టిన ధర రూ. 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. బిల్లు, వారంటీ షరతులు, జాబ్ షీట్లు, ఈమెయిళ్లు, నోటీసు, దాని డెలివరీ రుజువు, ఫొటోలు, ఒక అఫిడవిట్ జతచేయండి. ఫిర్యాదు అడ్మిట్ అయ్యాక దాని కాపీ అవతలివాళ్లకు వెళ్తుంది, వాళ్లు 30 రోజుల్లో, కమిషన్ ఇస్తే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావలసింది ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని 38వ సెక్షన్ అంటుంది. వాస్తవంలో ఇంతకంటే ఎక్కువే పడుతుంది, మనసులో ఏడాది వేసుకోండి. ల్యాబ్‌కు పంపితే ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు.

ఇక డబ్బు వెనక్కి వచ్చే సంగతి. లోపం సరిచేయమనడం, కొత్తది ఇమ్మనడం, ధర తిరిగి ఇమ్మనడం, పరిహారం, ఈ నాలుగూ 39వ సెక్షన్ కింద కమిషన్ చేతిలో ఉన్నాయి. కానీ వారంటీలో ‘లోపమున్న భాగాన్ని మారుస్తాం’ అని మాత్రమే ఉంటే వస్తువు మొత్తాన్ని మార్చమనలేమని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అవతలి వకీలు దాన్నే ముందు తీస్తాడు. మీకు దానికి జవాబుంది: లోపం సరిచేసే అవకాశం మీరు మూడుసార్లు ఇచ్చారు, మూడుసార్లూ అదే చోట మళ్లీ లేచింది. ఫిర్యాదు మొదటి పేజీలోనే ఇది రాయండి. మానసిక వేదనకు రెండు లక్షలు అడగొద్దు. ఐదు వేల వాచీకి అలా అడిగితే అసలు డిమాండు పలచబడుతుంది. ధర, దాని మీద వడ్డీ, ఖర్చుల కింద కొన్ని వేలు అడగండి, ఇప్పించే అవకాశం ఎక్కువ.

మూడోసారి ఇచ్చిన వాచీ కొత్తదా, బాగుచేసినదా అన్నది సీరియల్ నంబరుతో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వారంటీ షరతుల్లో ‘రీఫర్బిష్డ్ ఇవ్వొచ్చు’ అని ఉంటే తప్పుపట్టలేం. లేకపోతే అదొక అదనపు అంశం.

ప్రశ్న: మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి తెచ్చిన వాచీ, ఇంకా ఎనిమిది నెలల వారంటీ ఉంది. ఇక్కడి సర్వీస్ సెంటర్ వాళ్లు రిపేరు చేయం అంటున్నారు. – ఒక పాఠకుడు, గుంటూరు

అడ్వకేట్: వారంటీ కాగితంలో దేశం పేరు చూడండి. చాలా వాచీలకు కొన్న దేశంలోనే సర్వీసు. అలాంటప్పుడు ఎవరైనా వెనక్కి వెళ్లేటప్పుడు పంపడమే దారి, బ్యాటరీ ఉబ్బి ఉంటే అదీ కుదరదు. బిల్లు అన్నయ్య పేరున ఉంటుంది కాబట్టి అక్కడి కస్టమర్ కేర్‌తో ఆయన మాట్లాడటమే మేలు. ఇచ్చే ముందు వాచీని ఆయన ఫోన్ ఖాతా నుంచి తీసేయడం మరిచిపోవద్దు. ఖాతా లాక్ ఉన్న వాచీని సర్వీస్ సెంటర్ వెనక్కి పంపేస్తుంది.

ప్రశ్న: వారంటీలో ఉండగా బయటి షాపులో స్ట్రాప్ పిన్ను మార్పించాను. ఇప్పుడు స్క్రీన్ ఊడితే ‘బయట తెరిచారు, వారంటీ రద్దు’ అంటున్నారు. – ఒక పాఠకురాలు, నల్గొండ

టెక్నీషియన్: స్ట్రాప్ పిన్ను మార్చడానికి వాచీ తెరవక్కర్లేదు, పక్కనున్న రెండు స్ప్రింగ్ బార్లు బయటి నుంచే వస్తాయి. స్క్రీన్ అంచున గానీ వెనక మూత దగ్గర గానీ పనిముట్టు గీతలున్నాయా చూడండి. లేకపోతే అదే చెప్పండి.

అడ్వకేట్: ‘ఎక్కడ తెరిచిన గుర్తుందో ఫొటోతో చూపండి’ అని ఈమెయిల్ చేయండి, షాపు బిల్లు ఉంటే ‘స్ట్రాప్ పిన్ మాత్రమే’ అని రాయించి జతచేయండి. అమెరికాలో బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడాన్ని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అడ్డుకుంటుంది. మన దగ్గర దానికి సరిసాటి చట్టం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కంపెనీల రిపేరు, వారంటీ వివరాలు ఒకచోట దొరుకుతాయి. మీ బ్రాండ్ అందులో ఉంటే ఆ షరతులను ఈమెయిల్‌లో ఉటంకించండి. అప్పటికీ రద్దనే అంటే, విజయవాడ పాఠకురాలికి చెప్పినట్టే 1915తో మొదలుపెట్టండి.